సైదాపురం వైపు పాత అభ్రకం గనులు చూడాలని ఉంది, మొదటిసారి. ఏమేం తీసుకెళ్ళాలి?

కొత్తబాట_నెల్లూరు
అందరికీ నమస్తే. మేం నలుగురం, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. సైదాపురం, కలిచేడు చుట్టుపక్కల ఎప్పుడో తవ్వి వదిలేసిన అభ్రకం గనులు చాలా ఉన్నాయంట కదా. మా సీనియర్ ఒకతను గని నోట్లో నిలబడి దిగిన ఫోటో చూపించాడు, టార్చి వెలుగుకి గోడలన్నీ తళతళా మెరుస్తున్నాయి, అప్పట్నించి మాకు నిద్ర లేదు. సంక్రాంతి సెలవుల్లో బైకుల మీద పోదామని ప్లాన్. రెండు హెడ్‌ల్యాంపులు ఆన్‌లైన్లో తెప్పించాం, నైలాన్ తాడు ఉంది, బూట్లు ఉన్నాయి. ఇంకా ఏం కావాలి, కొత్తవాళ్ళకి సులువుగా ఉండే గని ఏదైనా ఉందా? "వద్దు" అని మాత్రం చెప్పొద్దు ప్లీజ్, అది ఇంట్లో ఎలాగూ చెప్తారు.

డ్రోన్_చిన్నా
పవర్ బ్యాంకు, నీళ్ళు, వెనక్కి రావడానికి గుర్తుగా అంటించుకోను రేడియం స్టిక్కర్లు. చాలు. నేను రామగిరి బంగారు గనుల వైపూ వినుకొండ దగ్గర అగ్నిగుండాల వైపూ తిరిగి వీడియోలు తీశాను, ఏమీ కాలేదు. ఒకటే రూలు: నిలువు బావి కనిపిస్తే దిగొద్దు, అడ్డంగా పోయే సొరంగమైతే వెళ్ళు. లోపల గాలి ఎలా ఉందో అనుమానమొస్తే లైటర్ వెలిగించు, మంట ఆరిపోతే వెనక్కి తిరుగు. మిగతాదంతా జనం భయపెట్టడమే.

సర్దార్_రిటైర్డ్
చిన్నా, ఆ లైటర్ సంగతి ఎవరు చెప్పారు నీకు? బొగ్గు బాయిలో సర్దారుగా (పనీ భద్రతా చూసుకునే మనిషిగా) పనిచేసి రిటైర్ అయినవాణ్ణి, మొత్తం రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం దగ్గర ఉంటుంది. మా సేఫ్టీ ల్యాంపు మంట 16 శాతం దగ్గర ఆరిపోయేది. ఆ ల్యాంపు మంట జాలీ లోపల ఉంటుంది, బయటి గ్యాస్‌కి అంటుకోదు, మీ లైటర్‌కి జాలీ లేదు. బొగ్గు గనిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నచోట వెలిగిస్తే గాలి ఎలా ఉందో తెలుసుకోవడానికి నువ్వు మిగలవు. అభ్రకం గనిలో మీథేన్ బెడద మామూలుగా ఉండదు, నిజమే. కానీ అక్కడ ఇంకో రకం. పాత దుంగలు కుళ్ళుతుంటాయి, నీళ్ళు నిలవుంటాయి, గాలి ఆడదు. మెల్లగా ఆక్సిజన్ తగ్గిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ బరువు కాబట్టి పల్లంలో పేరుకుంటుంది. నువ్వు నిలబడి ఛాతీ ఎత్తున లైటర్ పట్టుకుంటే బాగానే వెలుగుతుంది, కింద రాయి తీద్దామని వంగిన మనిషి అక్కడే కూలబడతాడు. కార్బన్ మోనాక్సైడ్ ఉంటే మంటలో తేడానే కనిపించదు, వాసనా రాదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కి కుళ్ళిన గుడ్డు వాసన ఉంటుందిగా అంటారు, మోతాదు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు.

ఇంకొకటి. "పొద్దున వెళ్ళొచ్చాం, బాగుంది" అన్న మాట చెల్లదు. వానకు ముందు వాతావరణ పీడనం పడిపోతే మూసుకుపోయిన పాత పనుల్లోని చెడు గాలి బయటికి తోసుకొస్తుంది. అదే సొరంగం పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది.

ఊళ్ళలో బావి పూడిక తీయడానికి ఒకడు దిగుతాడు, పడిపోతాడు. వాణ్ణి తీద్దామని ఇంకొకడు, వాడి వెనక అన్నో తమ్ముడో. ప్రతి ఎండాకాలం పేపర్లో చదువుతూనే ఉంటాం. గనిలో జరిగేదీ అదే. నలుగురు స్నేహితులు కలిసి వెళ్తున్నామంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ సంగతే.

కొత్తబాట_నెల్లూరు
సర్, వివరంగా చెప్పినందుకు థాంక్స్. గాలి కొలిచే మెషీన్ దొరుకుతుంది కదా, అది తీసుకెళ్తే సరిపోతుందా?

సర్దార్_రిటైర్డ్
దొరుకుతుంది బిడ్డా. ఆక్సిజన్, మోనాక్సైడ్, సల్ఫైడ్, మండే వాయువులు, నాలుగూ చూపించేది ఉంటుంది. నలుగురూ పంచుకున్నా ఖరీదే. కొన్నాక ఊరుకుంటే కాదు, ఎప్పటికప్పుడు కాలిబ్రేషన్ చేయించాలి. అది మోగినప్పుడు నీ చుట్టూ ఉన్న గాలి గురించే చెప్తుంది, నెత్తిమీది బండ గురించి చెప్పదు. బండ సంగతి వేరే. మేం కర్రతో రూఫ్ కొట్టి చూసేవాళ్ళం, ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే విడిపోయింది. ఆ తేడా చెవికి పట్టడానికి ఏళ్ళు పడుతుంది, అది కూడా రోజూ సపోర్టులు వేసి, చూసుకునే గనిలో. యాభై ఏళ్ళు ఎవరూ చూడని గనిలో నేనైనా పోను.

అభ్రకం_ఊరోడు
అన్నలూ మాది ఆ పక్కనే. మా నాయనమ్మ షెడ్డులో అభ్రకం పలకలు చీల్చే పని చేసింది, కత్తి పట్టుకుని పొరా పొరా తీసేవాళ్ళు, ఆడవాళ్ళే ఎక్కువ. మా వైపు దొరికేది ఆకుపచ్చ ఛాయ ఉండే అభ్రకం, దానికి విదేశాల్లో గిరాకీ ఉండేది, కరెంటు సామాన్లకీ రేడియో వాల్వులకీ వాడేవాళ్ళంట. తర్వాత వేరే సరుకు వచ్చింది, గిరాకీ పడిపోయింది, గనులు ఒక్కోటీ మూతబడ్డాయి. ఇప్పుడు అందరూ తెల్లరాయి (క్వార్ట్జ్) వెంట పడ్డారు, అది వేరే కథ.

తమ్ముడూ, నువ్వు సంక్రాంతికి అంటున్నావ్. మన నెల్లూరోళ్ళకి వానలు ఎప్పుడు? అక్టోబరు నించి డిసెంబరు దాకా. అంటే జనవరికి గుంటలన్నీ నిండుగా ఉంటాయి. ఈ గనుల్లో చాలావాటికి పైన పెద్ద గుంట, ఆ గుంట అడుగు నించి సొరంగాలు. నీళ్ళు చూస్తే అద్దంలా ఉంటాయి, ఎంత లోతో తెలవదు. గట్టు మీద అభ్రకం పొడి జారుతుంది, కింద పడితే పట్టుకోను ఏమీ ఉండదు, నిట్టనిలువు గోడ. ఈత వచ్చినోడు కూడా ఎక్కలేడు. మా ఊళ్ళో గొడ్లు పడితేనే తీయడం కష్టం.

ఇంకోటి, మీ సీనియర్ దిగిన ఫోటో నోట్లోదే కదా, లోపలిది కాదు కదా. లోపల అంత మెరవదు, బురద.

రాళ్ళపిచ్చి
నేను జియాలజీ ఎమ్మెస్సీ. ఊరోడు గారు చెప్పినదానికి రాయి వైపు నుంచి చిన్న వివరణ. నెల్లూరు అభ్రకం పెగ్మటైట్ సిరల్లో ఉంటుంది: క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం పెద్ద పెద్ద స్ఫటికాలుగా పేరుకున్న రాయి. ఆ సిర గట్టిదే, దాని చుట్టూ ఉండే రాయితోనే చిక్కు. అది చాలాచోట్ల మైకా షిస్టు, పొరలు పొరలుగా విడిపోయే రాయి. నీరు ఇంకి పొరల మధ్యకు చేరిందంటే పలకలకు పలకలే ఊడిపడతాయి. ఫెల్డ్‌స్పార్ కూడా కాలక్రమంలో తెల్ల బంకమట్టిగా మారిపోతుంది. తవ్వినవాళ్ళు సిర ఎటు పోతే అటు పోయారు, కాబట్టి సొరంగాలకు ఒక ప్లాన్ అంటూ ఉండదు: ఇక్కడ వెడల్పు, అక్కడ ఇరుకు, మధ్యలో కిందికి ఒక బొక్క. చిన్నా గారి "అడ్డంగా ఉంటే వెళ్ళు" రూలు ఈ గనుల్లో అస్సలు పనికిరాదు. అడ్డంగా నడుస్తూ ఉండగానే కాళ్ళ కింద నిలువు గుంట వస్తుంది, దాని మీద కుళ్ళిన చెక్కలు, చెక్కల మీద మట్టి. నేలలాగే కనిపిస్తుంది.

కానీ కొత్తబాట, నీ ఉత్సాహం నాకు అర్థమవుతుంది, అందుకే వేరే మాట చెప్తాను. ఈ గనుల్లో చూడాల్సినవన్నీ బయట ఉన్నాయి! తవ్వి పారబోసిన కుప్పలు చూడు. పుస్తకంలా పొరలున్న అభ్రకం, ఎర్ర గోమేదికాలు (గార్నెట్), నల్లటి టూర్మలిన్ కడ్డీలు, అదృష్టం ఉంటే లేతపచ్చ బెరిల్. బొగ్గు ముక్కలా నల్లగా, చేతికి అనుమానం వచ్చేంత బరువుగా ఏదైనా తగిలితే మాత్రం జేబులో వేసుకోకు. నెల్లూరు పెగ్మటైట్లలో సమర్‌స్కైట్ దొరుకుతుంది, అందులో యురేనియం ఉంటుంది.

స్లేటుకొండ_వేల్స్
మాది ఒంగోలు, ఇప్పుడు ఉత్తర వేల్స్‌లో ఉంటున్నాను, ఇక్కడ క్లబ్బుతో కలిసి పాత స్లేటు గనుల్లోకి వెళ్తుంటాను. రాళ్ళపిచ్చి గారు చెప్పిన దొంగ నేల ఇక్కడ కూడా అందరికంటే పెద్ద భయం. నీళ్ళు నిండిన చోట కూడా అంతే, మోకాలి లోతులో నడుస్తుంటాం, అడుగున గుంట ఉందని నీళ్ళు చెప్పవు.

డ్రోన్_చిన్నా
అదిగో, దొరికారు! వేల్స్‌లో మీరు వెళ్తే హాబీ, నెల్లూరులో వీళ్ళు వెళ్తే తప్పా? యూట్యూబ్‌లో తెల్లవాళ్ళు ప్రతి వారం పాత గనుల్లో తిరుగుతున్నారు.

స్లేటుకొండ_వేల్స్
తప్పని నేను అన్లేదు చిన్నా. తేడా ఎక్కడుందో చెప్తా. క్రోసర్ నుంచి రోసిడ్ దాకా కొండ లోపల్నుంచే ఒక దారి ఉంది, రెండు పాత స్లేటు గనుల్ని కలుపుతుంది, ఇక్కడ పేరున్న ట్రిప్. తాళ్ళ మీద దిగడం, నీళ్ళ మీద తాడు పట్టుకుని దాటడం, విరిగిన వంతెనలు, అన్నీ ఉంటాయి. రోసిడ్ 1930లో మూతబడింది. అంతకుముందు 1900లో లోపల పెద్ద భాగం కూలిపోయింది. ఇవన్నీ రాసిపెట్టి ఉన్నాయి, మ్యాపులున్నాయి, తాడు తగిలించే ఏ కొక్కెం ఎప్పుడు మార్చారో చెప్పేవాళ్ళున్నారు. క్లబ్బులో కొత్తవాణ్ణి ముందు తేలికైనవాటికి తీసుకెళ్తారు, తాడు పని బయట చెట్టుకో గోడకో కట్టి నేర్పుతారు. లోపలికి వెళ్ళేముందు బయట ఉన్న ఒక మనిషికి "ఆరింటికి ఫోన్ చేస్తాను, ఏడింటికల్లా చేయకపోతే పోలీసులకు చెప్పి కేవ్ రెస్క్యూని పిలువు" అని టైము చెప్పి వెళ్తాం. ఆ రెస్క్యూ వాళ్ళు కూడా ఇదే హాబీ ఉన్న వాలంటీర్లు, ఈ గనులు వాళ్ళకు తెలుసు. ఇంత ఉండి కూడా పాత బొగ్గు గనుల జోలికి మావాళ్ళు మామూలుగా పోరు, గాలి భయం వల్ల.

లైటు విషయం కూడా. మనిషికి కనీసం రెండు, వీలైతే మూడు. "ఇద్దరికి ఒకటి" లెక్క లోపల పనికిరాదు. ఆ నైలాన్ తాడు బట్టలారేసుకోవడానికి వాడుకోండి.

డ్రోన్_చిన్నా
సరే, ఒప్పుకుంటా, వాళ్ళకి సిస్టమ్ ఉంది. కానీ నా బాధ అదే కదా. మన దగ్గర క్లబ్బు ఏది, నేర్పేవాడెవడు? ఎవరిని అడిగినా "వద్దు" తప్ప ఇంకో మాట ఉండదు. అందుకే కుర్రాళ్ళు చెప్పకుండా పోతున్నారు. చెప్పి పోయే దారి చూపిస్తే చెప్పే పోతారు.

సర్దార్_రిటైర్డ్
ఈ మాట మాత్రం నిజం చిన్నా. కాదనను.

అయితే రెస్క్యూ సంగతి కూడా విను. మేఘాలయలో 2018 డిసెంబరు 13న ఎలుక బొరియ గనిలో (మనిషి పాకేంత ఇరుకు సొరంగాల బొగ్గు గని) నీళ్ళొచ్చి 15 మంది ఇరుక్కుపోయారు. పక్కన వదిలేసిన పాత గనుల్లో నిలవున్న నీళ్ళు. ఎన్డీఆర్ఎఫ్, నేవీ అందరూ వెళ్ళినా మొదటి శవం కనిపించేసరికే నెల దాటింది. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలితే ఎనిమిది మంది ఇరుక్కున్నారు, సింగరేణి రెస్క్యూ వాళ్ళు కూడా వెళ్ళారు, రోజుల తరబడి బురద తోడారు. సైదాపురంలో మీకేదైనా అయితే శిక్షణ ఉన్న గని రెస్క్యూ మనిషి వచ్చేసరికి ఎంతసేపు పడుతుందో మీరే లెక్కేసుకోండి. ముందుగా వచ్చేది ఊళ్ళోవాళ్ళే, వాళ్ళ దగ్గర గాలి సిలిండర్లు ఉండవు.

పాత గని నీళ్ళంటే నాకు వణుకు. ధన్‌బాద్ దగ్గర చాస్నాలా బొగ్గు గనిలో 1975 డిసెంబరు 27న 375 మంది పోయారు, పైన పాత పనుల్లో నిండిన నీళ్ళు ఒక్కసారిగా పడి. మా తరం వాళ్ళకు ట్రైనింగ్‌లో మొదట చెప్పేది అదే.

అభ్రకం_ఊరోడు
అవునన్నా, మాకే ముందు ఫోన్ వస్తది, మేమే తాళ్ళు పట్టుకుని ఉరకాల.

ఇంకా కొన్ని మీకు తెలియనివి చెప్తా. సొరంగం నోరు అంటే చల్లగా ఉంటది కాబట్టి రక్తపింజర్లు అక్కడే చుట్ట చుట్టుకుని ఉంటాయి. రాపూరు, పెంచలకోన అడవి వైపు అయితే ఎలుగుబంటి కూడా. ముళ్లపంది ముళ్ళు చూసి మావాళ్ళు ఆ బొరియ దగ్గరికి పోరు. లోపల గబ్బిలాలు సరేసరి. పాత గనిలో ఎక్కడైనా మైనం కాగితంలో చుట్టిన కడ్డీలు, సన్నని వైర్లున్న అల్యూమినియం గొట్టాలు కనిపిస్తే చేత్తో తాకొద్దు. పేలుడు మందు పాతదైపోయాక ఇంకా ప్రమాదం అంటారు.

రాళ్ళపిచ్చి
గబ్బిలాల పెంట పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హిస్టోప్లాస్మోసిస్ అనే ఫంగస్ జబ్బు రావచ్చు, అది కూడా కలుపుకో. వాటిని బెదరగొట్టడం వాటికీ మంచిది కాదు.

అనుమతి గురించి ఎవరూ అడగలేదేంటి? వదిలేసిన గని అంటే ఎవరిదీ కాదని కాదు. ప్రభుత్వ భూమో, లీజుదారుడిదో, పట్టా భూమో అయి ఉంటుంది. కుప్పల్లో రాళ్ళు కూడా ఖనిజం కిందే లెక్క. పైగా కేంద్రం 2025 ఫిబ్రవరిలో అభ్రకం, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, బెరైటీస్‌ని చిన్న ఖనిజాల జాబితాలోంచి తీసి పెద్ద ఖనిజాల్లో చేర్చింది. 2015లో చిన్నవాటిలో వేసింది వాళ్ళే. కారణం ఏంటంటే పెగ్మటైట్లలో లిథియం, బెరిల్, నియోబియం, టాంటలం లాంటివి కూడా ఉండొచ్చని. అంటే ఇప్పుడు ఆ రాళ్ళ మీద అందరి కన్నూ ఉంది, బస్తా నింపుకుని బైకు మీద పెట్టుకొస్తే ఎవరో ఒకరు ఆపుతారు. మా డిపార్ట్‌మెంట్ వాళ్ళం ఫీల్డ్‌కి వెళ్ళినప్పుడు కాలేజీ లెటర్ పట్టుకుని వెళ్తాం, అక్కడి లీజుదారుణ్ణి అడిగి, చేతిలో పట్టేంత నమూనాలే తెచ్చుకుంటాం.

కొత్తబాట_నెల్లూరు
మొత్తం చదివాను, మావాళ్ళ గ్రూపులో కూడా పెట్టాను. ఇద్దరు డ్రాప్ అయిపోయారు :) ఒకడు మాత్రం "భూమి లోపలికి వెళ్ళడం ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడాలి" అని పట్టుబట్టాడు. నిజం చెప్పాలంటే నాకూ అదే ఉంది. దానికి సేఫ్‌గా ఏదైనా ఉందా?

స్లేటుకొండ_వేల్స్
బేలం గుహలు వెళ్ళావా? గని కాదు, సున్నపురాయి గుహ, కానీ నేల కింద గంటసేపు నడవడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. కొలిచిన పొడవు 3,229 మీటర్లు, టూరిస్టులకు తెరిచింది అందులో ఒకటిన్నర కిలోమీటర్లు. 1884లో బ్రిటిష్ జియాలజిస్టు రాబర్ట్ బ్రూస్ ఫూట్ దీని గురించి రాశాడు, తర్వాత 1982, 83లో జర్మన్ గుహాన్వేషకుల బృందం సర్వే చేసింది. ఇప్పుడున్న లైట్లూ మెట్లూ అప్పుడు లేవు. వాళ్ళు పాకినచోటే మనం నడుస్తున్నాం.

డ్రోన్_చిన్నా
బేలం స్కూలు పిల్లల ఎక్స్‌కర్షన్ కదా అన్నా...

స్లేటుకొండ_వేల్స్
ఎండాకాలం మధ్యాహ్నం వెళ్ళు. ఫ్యాన్లు పెట్టి పైనుంచి గాలి తోస్తున్నా సరే చొక్కా పిండుకోవాల్సొస్తుంది. ఆ గాలి ఎందుకు తోస్తున్నారో ఆలోచించు, సర్దార్ గారు పైన రాసింది మొత్తం అర్థమవుతుంది.

సర్దార్_రిటైర్డ్
గనే చూడాలంటే సింగరేణి దర్శన్ ఉంది. 2022 చివర్లో ఆర్టీసీ వాళ్ళు హైదరాబాద్ నుంచి బస్సు మొదలుపెట్టారు, గనుల దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తారు. వెళ్ళేముందు డిపోలో అడిగి తేదీలు కనుక్కోండి. కేజీఎఫ్‌కి (కర్ణాటకలోని కోలార్ బంగారు గనులు) పోదామని మీలో ఎవరికైనా ఉంటే, 2001 ఫిబ్రవరి 28న మూసేశాక పంపులు ఆగిపోయాయి, మూడు కిలోమీటర్ల పైన లోతు తవ్విన చోట ఇప్పుడున్నది నీళ్ళు. పైన ఊరు, సైనైడ్ మట్టి దిబ్బలు, షాఫ్టుల ఇనుప గోపురాలు చూసి రావొచ్చు. నా దోస్తు ఒకాయన అక్కడ పనిచేశాడు, ఆయన చెప్పే కబుర్లే గని లోపలికి పోయినంత పని.

రాళ్ళపిచ్చి
కొత్తబాట, మా బ్యాచ్ ఫిబ్రవరిలో కలిచేడు వైపు ఫీల్డ్‌కి వెళ్తోంది. మా సర్‌ని అడిగాను, ఇద్దరిని తీసుకురావచ్చన్నారు. షరతులు: గుంట అంచుకి దూరంగా ఉండాలి, సొరంగం నోటి దగ్గర ఆగిపోవాలి, సర్ చెప్పకుండా సుత్తి ఎత్తకూడదు. సుత్తి కొడితే రాతి చెక్కలు కళ్ళలోకి ఎగురుతాయి, కళ్ళజోడు తప్పనిసరి. బైకు హెల్మెట్ కాదు, గడ్డం కింద బెల్టు ఉండే పనివాళ్ళ హెల్మెట్ తెచ్చుకో. భూతద్దం నా దగ్గర ఉంది. ఇంట్లో ఎక్కడికి వెళ్తున్నావో ఊరి పేరుతో సహా చెప్పి రా.

కొత్తబాట_నెల్లూరు
వస్తాం అక్కా! సొరంగం నోట్లోంచి లోపలికి టార్చి కొట్టి చూడొచ్చా, అడుగు పెట్టకుండా?

రాళ్ళపిచ్చి
పైన రాయి చూసి, సర్ సరే అంటే. నోటి దగ్గరే ఎక్కువగా ఊడిపడుతుంది, ఎండా వానా తగిలేది అక్కడే కాబట్టి. జూమ్ ఉన్న కెమెరా అయితే ఇంకా మంచిది.

అభ్రకం_ఊరోడు
వచ్చేముందు ఇక్కడ మెసేజ్ పెట్టండి, నేను ఊళ్ళో ఉంటే కలుస్తా. పొద్దున్నే రండి, పదింటి తర్వాత తెల్లరాయి లారీలు మొదలైతే ఆ మట్టిరోడ్డు మీద బైకు నడపడం గని కంటే డేంజర్. మా నాయనమ్మ కూడా ఉంటది, అడిగితే పలక ఎట్లా చీల్చాలో చూపిస్తది.

డ్రోన్_చిన్నా
నేనూ వస్తా. లోపలికి పోను, ప్రామిస్. పైనుంచి డ్రోన్ షాట్లు తీసుకుంటా, డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ మ్యాప్) జోన్ చూసుకునే ఎగరేస్తా.

అభ్రకం_ఊరోడు
డ్రోన్ ఎగరేస్తే మైనింగ్ ఆఫీసోళ్ళు వచ్చారనుకుని మా వైపోళ్ళు తరుముకుంటారన్నా. ముందు టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పి, అప్పుడు ఎగరెయ్.